మన గోడ అద్దెకివ్వొద్దు
(ఒక పూర్వ విద్యార్థి)

ఈ ఏడాది వార్షికోత్సవ సంచికకు ప్రకటనలు సేకరించే పని పూర్వ విద్యార్థుల కమిటీ మీద పడింది. కాగితం ధర, అచ్చు ఖర్చు ఏటేటా పెరుగుతున్న సంగతి అందరికీ తెలిసిందే. వెనక అట్ట రంగుల పేజీకి ఒక కూల్ డ్రింకుల ఏజెన్సీ వారు మంచి మొత్తమే ఇస్తామన్నారు. అంతటితో ఆగలేదు. కాంపౌండు గోడకు వాళ్ల ఖర్చుతోనే రంగులు వేయిస్తారట, హాస్టల్ పేరు పెద్ద అక్షరాలతో రాయిస్తారట, ఆ పేరుకు అటొకటి ఇటొకటి సీసా బొమ్మలు ఉంటాయట. వార్షికోత్సవం నాడు పిల్లలందరికీ తలా ఒక సీసా ఉచితం. కమిటీలో ఎక్కువ మంది "పోనీలెండి, ఎవరికి నష్టం?" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ఆ మీటింగులో ఐదు నిమిషాల్లో చెప్పడం కుదరలేదు కాబట్టి, సంపాదక వర్గం వారి అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. పెద్దలతో పాటు ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు కూడా చదవాలని నా కోరిక. ఆ సీసా తాగేది మీరు, మేము కాదు.

ముందు చట్టం సంగతి చెబుతాను. చాలామందికి తెలియదు గానీ ఈ విషయంలో నిబంధనలు ఉన్నాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వారు బడి పిల్లల ఆహారం మీద 2020 సెప్టెంబరులో నిబంధనలు ప్రకటించారు. 2021 జూలై 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువగా ఉండే పదార్థాలను బడి ఆవరణలో గానీ, బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు, ఉచితంగా పంచకూడదు. "ఉచితంగా" అన్న మాటను కమిటీ మిత్రులు గమనించాలి. కంపెనీ పేర్లు, గుర్తులు పుస్తకాల అట్టల మీద, బడి గోడల మీద, బస్సుల మీద, ఆటస్థలాల్లో కనిపించకుండా చూడాలని కూడా ఆ నిబంధనల ఉద్దేశం. ఇవి ఊరికే రాలేదు. ఉదయ్ ఫౌండేషన్ అనే సంస్థ 2010లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. 2015లో కోర్టు ఆదేశాలిచ్చింది. ఆ తర్వాత ఇంకో ఐదేళ్లకు గానీ నిబంధనలు గెజిట్‌కు ఎక్కలేదు. అంటే ఒక పిల్లవాడు ఒకటో తరగతిలో చేరి పదో తరగతి పాసయ్యేంత కాలం పట్టిందన్నమాట.

మనది హాస్టల్, బడి కాదు కదా అని ఒక మిత్రుడు లా పాయింటు తీశాడు. ఆ నిబంధనల్లో బడి క్యాంటీన్లతో పాటు హాస్టల్ వంటశాలల మాట కూడా ఉంది. ఆ మాట లేకపోయినా నా అభిప్రాయం మారదు. బడి గంట కొట్టాక డే స్కాలరు ఇంటికి పోతాడు. అక్కడ "వద్దురా" అనడానికి అమ్మో నాయనమ్మో ఉంటుంది. మన వాళ్లకు బడి అయ్యాక ఇల్లు కూడా ఈ హాస్టలే. మూడో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి దాకా పొద్దున పళ్లు తోముకుంటూ చూసేది ఈ గోడనే. బాగా చిన్న పిల్లలకు ప్రకటనకూ పాఠానికీ తేడా తెలియదు. ఎనిమిదేళ్లు దాటాక గానీ, ఎదుటివాడు మనకు అమ్మడానికే ఇలా చెబుతున్నాడన్న సంగతి సరిగ్గా బుర్రకెక్కదు. హాస్టల్ పేరు పక్కనే సీసా బొమ్మ ఉంటే ఆ బొమ్మ పెట్టింది వార్డెన్ గారే, ప్రభుత్వమే అనుకుంటారు. కంపెనీ వాడు డబ్బిచ్చి కొనుక్కునేది ఆ నమ్మకాన్నే. సున్నం గోడలు వాడికి ఎక్కడైనా దొరుకుతాయి.

గోడల మీద ప్రకటనలు ఆపడం జరగని పని అన్నవాళ్లకు ఒక్క మాట. మనది పొగాకు పండించిన గడ్డ. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు బ్యారన్ల మీద బతికాయి. అయినా 2003 చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపు బీడీ, సిగరెట్టు అమ్మకూడదన్న నియమం వచ్చింది. ప్రకటనలు ఆగిపోయాయి. ఒకప్పుడు ఊరూరా కనిపించిన సిగరెట్టు బొమ్మలు ఇప్పటి పిల్లలకు తెలియనే తెలియవు. పొగాకు రైతు ఏమీ ధర్నా చేసి ఆ బొమ్మలు మళ్లీ పెట్టించలేదు. అంతకుముందే 1992లో పసిపిల్లల డబ్బాపాల ప్రకటనలను కూడా మన దేశం చట్టం చేసి ఆపింది. డబ్బా మీద బొద్దుగా నవ్వే పసివాడి బొమ్మ వేయడానికి కూడా వీల్లేదు. కాబట్టి ఇది కొత్త ఆలోచన కాదు, చేతగాని పనీ కాదు.

ఇక మన వైపు వాడైన ఒక పెద్దమనిషి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. పుల్లెల గోపీచంద్ గారు పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. మన పత్తి, మిరప పొలాలకు దూరమేమీ కాదు. 2001 మార్చిలో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాష్ పదుకొణె గెలిచిన తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు మళ్లీ ఆయనే. గెలిచిన వెంటనే ఒక పెద్ద కూల్ డ్రింకు కంపెనీ వారు ప్రకటనలో నటించమని వచ్చారు. ఆయన వద్దన్నారు. తాను తాగనిదాన్ని, ఆరోగ్యానికి మంచిది కాదని తాను నమ్మేదాన్ని పిల్లలకు తాగమని ఎలా చెప్పాలన్నది ఆయన పట్టు. అప్పటికి ఆయనేమీ కోటీశ్వరుడు కాదు. బ్యాడ్మింటన్‌కు క్రికెట్‌లాగా డబ్బు వచ్చే రోజులూ కావు. తర్వాత అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చిన మనిషి ఆయన. ఆ అకాడమీ నుంచే సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి.సింధు 2016లో రజతం తెచ్చారు. మన సినిమా హీరోలు అదే కాలంలో సీసా ఎత్తి గుక్కెడు తాగి, గోడలు దూకి, బైకుల మీద ఎగిరిన సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. మనలో చాలామందికి వాళ్ల డైలాగులే గుర్తున్నాయి, గోపీచంద్ గారి "వద్దు" గుర్తులేదు. వద్దన్న మాటకు టీవీలో రోజుకు యాభై సార్లు ప్రసారం ఉండదు కదా.

ఆయన ఒక్కరే వద్దంటే వచ్చిన మొత్తం తేడా ఏమిటని అడగవచ్చు. కంపెనీకి నష్టమేమీ రాలేదు, ఇంకొకరు దొరికారు. కానీ నేను లెక్కపెట్టేది అది కాదు. నాగండ్ల నుంచి వెళ్లిన మనిషి తన పేరును అద్దెకివ్వనన్నాడు. తుళ్లూరు హాస్టల్ తన గోడను ఇవ్వననడం అంతకంటే కష్టమేమీ కాదు.

కూల్ డ్రింకుల మీద మనకు పాత తగాదా ఒకటి ఉంది, అదీ చెప్పుకోవాలి. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు కూల్ డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని బయటపెట్టారు. పార్లమెంటు క్యాంటీనులో వాటిని ఆపేశారు, సంయుక్త పార్లమెంటరీ సంఘం వేశారు. 2006లో మళ్లీ పరీక్షలు, మళ్లీ గొడవ. కేరళ ప్రభుత్వం అమ్మకమే నిషేధిస్తే హైకోర్టు కొద్ది వారాల్లోనే కొట్టేసింది. ఈ మధ్యలో 2004లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ కొందరు రైతులు పత్తి చేలలో కూల్ డ్రింకులు పిచికారీ చేస్తున్నారని దేశవిదేశాల పత్రికల్లో వచ్చింది. పురుగుమందు కంటే చవకగా పడుతోందని వాళ్ల మాట. శాస్త్రవేత్తలు చెప్పిన కారణం వేరు. తీపికి చీమలు చేరతాయి, చీమలు పురుగుల గుడ్లను, పిల్లలను తినేస్తాయి. బెల్లం నీళ్లు కొట్టినా అంతే. ఆ రోజుల్లో హాస్టల్లో మేము దీన్ని పట్టుకుని "పత్తికి కొట్టే మందురా, తాగకు" అని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్లం. కానీ నా వాదన దాని మీద ఆధారపడి లేదు. చీమలను పిలిచింది పంచదార. నా అభ్యంతరమూ పంచదార గురించే, దాని చుట్టూ అల్లిన ప్రచారం గురించే.

లెక్క సులువు. మామూలు కూల్ డ్రింకులో 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల పంచదార ఉంటుంది. సీసా వెనక చిన్న అక్షరాలతో రాసే ఉంటుంది, చూడండి. 250 మిల్లీలీటర్ల సీసా అంటే ఐదు చెంచాల పైమాటే. పెద్దవాళ్లకైనా రోజు మొత్తంలో కలుపుకునే పంచదార 25 గ్రాములకు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోయింది. మన వంటమనిషి టీలో ఐదు చెంచాల పంచదార వేస్తే మనమే గిన్నె విసిరేస్తాం. చల్లగా ఉండి, గ్యాసు పొంగితే నాలుకకు ఆ తీపి తెలియదు. ఎనర్జీ డ్రింకుల సంగతి ఇంకో మెట్టు పైన. వాటిలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. పిల్లలకు, గర్భిణులకు తగదని సీసా మీద రాయాలని నియమం. రాస్తారు, చీమ తలకాయంత అక్షరాలతో. ముందు వైపు మాత్రం మెరుపులు, పిడుగులు. పరీక్షల ముందు రాత్రి చదవడానికి అవి తాగుతున్న తమ్ముళ్లు ఉన్నారని విన్నాను. నిద్ర పోతుంది నిజమే, తెల్లవారి పరీక్ష హాలులో బుర్ర కూడా పోతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన మాటకు వస్తాను. కమిటీలో ఒక అన్న, నాకంటే నాలుగు బ్యాచ్‌లు సీనియరు, కోపంగా అడిగాడు. "పెద్దోళ్ల పిల్లలు తాగితే లేని ఆరోగ్యం మన పిల్లల దగ్గరికి వచ్చేసరికే గుర్తొచ్చిందా? మనం గంజి తాగి పెరిగాం, వీళ్లనన్నా ఒక్క రోజు సీసా పట్టుకోనివ్వు." ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. మన ఇళ్లలో కూల్ డ్రింకు అంటే దాహం తీర్చేది కాదు, మర్యాద. చుట్టం వస్తే పిల్లవాణ్ణి కొట్టుకు పరిగెత్తించి సీసా తెప్పిస్తాం. పెళ్లిచూపులకు తెప్పిస్తాం. వేరే గ్లాసులో నీళ్లు పోసిన రోజులు చూసిన మన పెద్దలకు, అందరూ తాగే సీసాను తమ చేతిలో పట్టుకోవడం చిన్న విషయం కాదు. సీసాకు కులం లేదు. ఈ సంగతి తెలియని వాళ్లు మనకు ఆరోగ్య సూత్రాలు చెబితే నాకూ ఒళ్లు మండుతుంది.

కానీ అన్నా, ఆ ఆశ ఉందని మనకంటే ముందే కంపెనీ వాడికి తెలుసు. వాడు అమ్మేది ఆ ఆశనే. ఐదు రూపాయల రింగుల ప్యాకెట్టు, లోపల ప్లాస్టిక్ బొమ్మ. చిన్న సీసా, చిన్న ధర. ఇవి గుంటూరు బ్రాడీపేటలో పిల్లల కోసం చేసిన కొలతలు కావు, మన కాలనీ పిల్లల జేబు కొలిచి కుట్టినవి. వాళ్లమ్మ పత్తి తీసి, మిరపకాయ కోసి, కళ్లంలో ఎండలో కూర్చుని తాలుకాయ ఏరి తెచ్చిన కూలిలోంచి, ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు చేతిలో పెట్టిన ఇరవై రూపాయలు అవి. మనూరి భూములు 2015లో రాజధాని సమీకరణలోకి పోయాక ఆ కూలి పనులు కూడా తగ్గాయి. సమానత్వం అంటే పెద్దోళ్ల పిల్లలకు పళ్లు పుచ్చితే మనకూ పుచ్చడం కాదు కదా. ఇంకో తేడా ఉంది. వాళ్ల పన్ను పుచ్చితే డెంటిస్టు ఉన్నాడు. మన పిల్లవాడు ఆ నొప్పిని లవంగం పెట్టుకుని పదో తరగతి దాకా మోస్తాడు.

మన పిల్లలకు దక్కాల్సిన పౌష్టికాహారం కోసం పోరాడదాం, అందులో నేను ముందుంటాను. రాష్ట్రంలో బళ్లలో మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. 2020లో దాని పేరు గోరుముద్ద అయింది, చెక్కీ చేరింది, 2023లో రాగిజావ చేరింది. 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పేర్లు మారితే మారనివ్వండి, గుడ్డు సైజు తగ్గకుండా చూసుకోవడం మన పని. ఒక గ్లాసు రాగిజావకు, ఒక గుడ్డుకు టీవీలో ప్రకటన లేదు, హీరో లేడు. అందుకే ఏ పిల్లవాడూ వాటిని గొప్పగా చెప్పుకోడు. పోటీలో ఒకవైపు కోట్ల రూపాయల ప్రచారం, ఇంకోవైపు అల్యూమినియం గిన్నెలో జావ. గోడ కూడా వాళ్లకే ఇచ్చేస్తే ఇక చెప్పేదేముంది?

ప్రకటనలో మాట ఒక్కటి మార్చడం ఎంత కష్టమో చెప్పడానికి మన తెలుగు డాక్టరమ్మ కథ చాలు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు విరేచనాలైన పిల్లలకు ఓ.ఆర్.ఎస్. అని రాసిన తీపి పానీయాలు పట్టిస్తున్నారని గమనించారు. అసలు ఓ.ఆర్.ఎస్.లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలి. ఆ డబ్బాల్లో పంచదార దానికి ఎన్నో రెట్లు. విరేచనాలు తగ్గకపోగా పెరిగే ప్రమాదం. ఆమె దాదాపు ఎనిమిదేళ్లు ఉత్తరాలు రాశారు, తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు, వీడియోల్లో కన్నీళ్లు పెట్టుకున్నారు. చివరికి 2025 అక్టోబరులో ఆ మూడు అక్షరాలు పానీయాల మీద వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వులిచ్చింది. మూడు అక్షరాలకు ఎనిమిదేళ్లు! మనం గోడ ఇచ్చేసి తర్వాత వెనక్కి తీసుకుందాంలే అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ఇతర దేశాల్లోనూ ఇదే నడుస్తోంది. చిలీ దేశంలో 2016 నుంచి పంచదార, ఉప్పు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లని ముద్ర వేయాలి. అలాంటివి బళ్లలో అమ్మడానికీ ప్రచారం చేయడానికీ వీల్లేదు.

గేటు ఎదురు బడ్డీ కొట్టు అక్క గురించి కూడా రాయాలి. 50 మీటర్ల నియమం అనగానే అధికారులు ముందు ఆమె బల్ల ఎత్తించి, పని అయిపోయిందనుకుంటారేమోనని నా భయం. ఆమె కూడా మన కాలనీ మనిషే. కొట్టు మీది ఎర్ర బోర్డు ఆమె పెట్టుకున్నది కాదు. ఆమె పేరు కొంచెం, కంపెనీ పేరు బోలెడంత రాసి ఉచితంగా తగిలించి వెళ్లారు. ఫ్రిజ్ కూడా అలాగే వచ్చింది, అందులో వేరే సరుకు పెడితే ఒప్పుకోరట. నేను అడిగేది ఆ బోర్డు తీయించమని, కొట్టు తీయించమని కాదు. వేరుశనగ చెక్క, మరమరాల మిక్చరు, జామకాయ, మొక్కజొన్న కంకి, వేసవిలో మజ్జిగ, తాటి ముంజలు అమ్మితే హాస్టల్ పిల్లలే ఆమె బేరం. బోర్డుకు బదులు ఇంకో బోర్డు మనం రాయించి ఇవ్వాలి, ఆమె పేరు పెద్దగా ఉండేట్టు. పాత కుండ, ఐసుపెట్టె మనలో ఎవరో ఒకరి ఇంట్లో ఉండకపోవు.

డబ్బు సంగతి. ఏజెన్సీ వారు ఇస్తామన్నది తక్కువ మొత్తం కాదు, దాన్ని చులకన చేయను. కానీ ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు టీచర్లుగా, కానిస్టేబుళ్లుగా, ఆర్టీసీలో, బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేరులో ఉన్నవాళ్ల జాబితా కమిటీ దగ్గరే ఉంది. వంద మంది తలా మూడు వందలు వేసుకుంటే ముప్పై వేలు. నా వాటా ఈ వ్యాసంతో పాటే సంపాదకుడికి పంపించాను. వెనక అట్ట మీద సీసా బదులు పదో తరగతి పిల్లల గ్రూపు ఫోటో వేద్దాం. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా ఈ సంచిక తీసి వెతుక్కునేది ఆ ఫోటోనే.

ప్రస్తుత విద్యార్థులకు ఒక పని ఉంది. 2025 మేలో సి.బి.ఎస్.ఇ. వారు తమ బళ్లన్నిటిలో షుగర్ బోర్డులు పెట్టమన్నారు. ఏ పానీయంలో ఎన్ని చెంచాల పంచదార ఉందో పిల్లలకు కనబడేట్టు రాసే బోర్డు అది. ఆ ఆదేశం మనకు వర్తించకపోయినా, రాయొద్దని ఎవరూ అనరు. ఖాళీ సీసాలు, ప్యాకెట్లు పోగుచేసి వెనక ఉన్న అంకెలు చూసి, ఐదుతో భాగిస్తే చెంచాలు వస్తాయి. ఎనిమిదో తరగతి లెక్కలు చాలు.

వార్డెన్ గారికి, పూర్వ విద్యార్థుల కమిటీకి నా విన్నపం ఒక్కటే. 2025 మే నుంచి రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక తుళ్లూరు రోడ్ల మీద ఎక్కడ చూసినా హోర్డింగులే. రేపు ఇంకో కంపెనీ వస్తుంది, ఎల్లుండి ఇంకొకటి. ప్రతిసారీ మీటింగు పెట్టి వాదించుకునే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని రిజిస్టరులో ఇప్పుడే ఒక తీర్మానం రాసుకుందాం: ఈ హాస్టల్ గోడ మీద, సంచికలో, వార్షికోత్సవ వేదిక మీద, ఆటల బనియన్ల మీద తీపి పానీయాల, ప్యాకెట్ తిండి ప్రకటనలు తీసుకోం. ఆ నిబంధనల ప్రకారం ఇలాంటివి ఇక్కడ అమ్మరాదు, ప్రచారం చేయరాదు అని బడి గేటు దగ్గర బోర్డు కూడా ఉండాలి. మన హాస్టల్ గేటుకు కూడా అలాంటిదొకటి రాద్దాం. రేకు, పెయింటు నేను తెస్తాను. ఏడో తరగతి గది గుమ్మం మీద పేర్లు అంత అందంగా రాసిన తమ్ముడెవరో తెలిస్తే వార్డెన్ గారు నాకు కబురు చేయగలరు.